కిటికీ కాడ అడిగిన పేరు

2022, అక్టోబరు 9

ఈ డైరీ ఎవరిదో, వాళ్ళు నన్ను క్షమించల్ల. బెంగుళూరు నుంచి వచ్చిన భక్తులు ఎవరో మా ఆయన ఆటోలో మరిచిపోయి దిగిపోయినారు. ఆయన మంత్రాలయం రోడ్డు స్టేషనులో చెప్పి పెట్టినాడు, మఠం ముందర అంగళ్ళలో చెప్పి పెట్టినాడు. ఎవరూ రాలేదు. లోపల ఒక్క అక్షరం రాసి లేదు. తారీకులన్నీ కన్నడంలో అచ్చేసి ఉన్నాయి.

నా రాత బాగుండదు. ఏడో తరగతితో బడి మానేసినా. ఏ ఒత్తు ఎక్కడ పెట్టల్లో ఇప్పటికీ తెలీదు. గీత మీద రాసినా అక్షరాలు కిందికి జారిపోతాయి. ఎప్పుడైనా ఎవరి కంటనైనా పడితే తప్పులకు నన్ను తిట్టుకోవద్దండి.

“నువ్వు ఎవురితోనూ మాట్లాడవు గదా, దీంతోనన్నా మాట్లాడు” అని ఆయన నా ఒళ్ళో పడేసినాడు.

మాట్లాడకూడదని కాదు. మాది రాయచోటి దగ్గర పల్లె. మా పెద్దమ్మ ఈ ఊర్లో ఉండబట్టి సంబంధం కుదిరింది. డబ్బును మా పక్క లెక్క అంటాం, ఇక్కడ దుడ్లు అంటారు. నేను నోరు తెరిస్తే మా తోడికోడలు శివకుమారక్క కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అందుకని తక్కువ మాట్లాడతా.

అక్టోబరు 16

ఆయనకు పొట్ట వచ్చింది. ఆటో స్టాండులో ఒకటే నవ్వులంట. “ఏమప్పా, రాయచోటామె సంగటి బాగా పెడతాండాదే!” అని. నాకు సిగ్గేసింది. కొంచెం సంతోషం కూడా అయింది.

కానీ చేతులు సన్నబడినాయి. చెంపలు లోపలికి పోయినాయి. మనిషికి పొట్ట ఒక్కటే పెరుగుతుందా?

అక్టోబరు 17

పెరుగుతుందేమో. మా మామ కూడా అట్లనే ఉండేవాడంట.

అక్టోబరు 28

దసరాకు కట్టుకున్న కొత్త మొలతాడు బిగుసుకుపోయింది. నడుము చుట్టూ ఎర్రగా గీత పడింది. నేనే ముడి విప్పి వదులు చేసి కట్టినా. కట్టేటప్పుడు చెయ్యి తగిలింది. ఎడమపక్క పొట్ట మెత్తగా లేదు. లోపల ఇంకేదో పడుకుని ఉన్నట్టుంది.

“మలుపు తిప్పేటప్పుడు హ్యాండిలు పొట్టకు తగుల్తాండాది” అన్నాడు నవ్వుతా. “రాఘవేంద్ర రాయల మఠానికి పోయే దోవంతా మలుపులే.”

“నొప్పా?”

“నొప్పి లేదు మే. బరువు.”

ఊర్లో సూదులేసే ఆయన గ్యాసు అని మాత్రలు ఇచ్చినాడు. అత్తకు చెప్పల్లని ఉంది. ఎట్లా చెప్పేది, మొగుని పొట్ట పట్టుకుని చూసినానని?

నవంబరు 7

చెప్పినా. అత్త తన పెద్దకొడుకు, మా బావ వీరేషుకు చెప్పింది. బావ ఆదోనికి తీసుకుపోయి స్కానింగు తీయించినాడు. లోపల పెద్ద గడ్డ ఉందంట. కోసి తీసేస్తే సరిపోతుందన్నారంట.

అత్త రాఘవేంద్ర స్వామికి మొక్కుకుంది. ఆయన నయమై వస్తే తుంగభద్రలో మునిగి తడి చీరతో మఠం చుట్టూ పొర్లుతుందంట. ఆమెకు మోకాళ్ళు వంగవు. అట్లయినా పొర్లుతానంటుంది.

నవంబరు 15, ఆదోని

ఆపరేషను అయింది. ఆయన పడుకుని ఉన్నాడు. మూలుగుతున్నాడు గానీ పిలిస్తే కండ్లు తెరుస్తున్నాడు.

డాక్టరు బయటికొచ్చి బావతో, “కొవ్వు గడ్డలాగ ఉంది. మొత్తం వచ్చేసింది. పరీక్ష చేయిస్తే ఏ రకమో తెలుస్తుంది” అన్నాడు. తర్వాత నర్సు ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. మందునీళ్ళలో పసుపుపచ్చగా, వెన్నముద్ద మాదిరి, చిన్న గుమ్మడికాయంత ఉంది. కండ్లు మండే వాసన. బావ రక్తం కోసం పోయి ఉన్నాడు. నర్సు నా చేతిలో పెట్టి, “ఎదురుగా ల్యాబు ఉంది, కిటికీలో ఇచ్చి రామ్మా” అని లోపలికి పోయింది.

అత్తను ఆయన దగ్గర కూర్చోబెట్టి నేనే పోయినా. డబ్బా బరువుగా ఉంది. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని రోడ్డు దాటినా. కిటికీ కాడ మొగోళ్ళు ఉన్నారు. నా వంతు వచ్చింది. లోపల కూర్చున్న పిల్లోడు తల ఎత్తకుండా, “పేషంటు పేరు?” అన్నాడు.

నోరు రాలేదు.

మా ఇంట్లో మొగుని పేరు ఎవరూ పలకరు. అత్త మా మామ పేరు ఆయన పోయినాక కూడా పలకలేదు. నేను మనసులో కూడా అనుకోను. పుస్తకంలో కూడా రాయలేదు. 

“పేరమ్మా, పేరు! నీకేమైతాడు?”

“మా ఇంటాయన.”

“ఇంటాయనకు పేరు పెట్టలేదా?”

వెనకాల నవ్వినారు. ఒకాయన, “సిగ్గు పడతాండాది లేప్పా, పెద్ద పిల్లోని పేరు అడిగి వాని నాయన అని రాసుకో” అన్నాడు. ఇంకా నవ్వినారు. చీటీ నర్సు ఇచ్చిందో లేదో, నా దగ్గర అయితే లేదు. నాకు చెవులు కాలిపోయినాయి. డబ్బా ఎత్తుకుని వచ్చేసినా.

“ఏమే, తిరుక్కొస్తివి?” అంది అత్త.

“శానామంది ఉండారత్తా. రేపు ఇస్తాంలే.”

అత్త డబ్బా మూత తీసి చాలాసేపు చూసింది. “రేపు గూడా ఏమిటికి? తీసేసినారు గదా. అయిపాయ. నా కొడుకు ఒంట్లోది, ఎవురెవురో కోసి చూసి చెత్తకుండీలో పారేస్తే కుక్కలు ఈడ్చుకుపోవా? అమ్మా వద్దు” అంది.

నాకు గుండెల మీద బరువు దించినట్టయింది. అది కూడా రాస్తున్నా. నిజంగా అట్లనే అయింది.

నవంబరు 17

బావ ఆయన దగ్గర ఉన్నాడు. నేనూ అత్తా ఊరికొచ్చి చేనుకాడికి పోయినాం. బిడ్డ పుడితే మాయను ఎట్లా పాతిపెడతారో అట్లనే చేసింది అత్త. మందునీళ్ళు పారబోసి, తన పాత చీర చించి దాంట్లో చుట్టి, పసుపూ ఉప్పూ చల్లి, గట్టు మీద లోతుగా గుంత తీసి పెట్టింది. పైన రాళ్ళు పేర్చింది. “పోయిరా, మళ్ళీ రావద్దు” అని దండం పెట్టింది. నేనూ పెట్టినా.

నవంబరు 24

ఇంటికి తెచ్చుకున్నాం. పరీక్ష కాగితం వచ్చినాక తెచ్చి చూపించమన్నాడు డాక్టరు.

బావ అడిగినాడు. “అమ్మా, ఆ డబ్బా సంగతి?”

“ఆ పని అయిపాయలే నాయినా.”

నేను మా పాపకు అన్నం పెడుతున్నా. తల ఎత్తకుండా ఇంకో ముద్ద కలిపినా.

2023, జనవరి 26

ఆయన ఆటో తీసినాడు. పొట్ట లోపలికి పోయింది. కుట్టు పొడుగ్గా జెర్రిపోతు పాకినట్టుంది. మా పాప జ్యోతికి చూపించి, “మీ నాయనకు జిప్పు పెట్టినారు చూడు” అంటున్నాడు.

అత్త మొక్కు తీర్చుకుంది. సగం పొర్లి లేవలేకపోతే నేను పక్కన పొర్లుతా తోసినా. ఇద్దరమూ నీళ్ళలో నానిన కోళ్ళ మాదిరి ఉన్నామని ఆయన ఒకటే నవ్వు.

జూన్ 4

రాయడానికి ఏమీ లేదు. అందరం బాగున్నాం.

సెప్టెంబరు 11

సంగటి ఎక్కువ పెడుతున్నా. తగ్గించల్ల.

సెప్టెంబరు 30

తగ్గించినా.

అక్టోబరు 21

ఈ రోజు మొలతాడు నేను కట్టలేదు. నువ్వే కట్టుకో అన్నా. ఆయన నా మొగం చూసి, తీసుకుపోయి కట్టుకున్నాడు. 

నవంబరు 20, కర్నూలు

పెద్దాసుపత్రిలో చేర్చినాం. గడ్డ అదే చోట మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకా పెద్దది.

ఇక్కడ ఆపరేషను చేసేది ఆడామె. సుప్రజ మేడం. పొట్ట చాలాసేపు నొక్కి చూసింది. పడుకోమంది, కూర్చోమంది, దగ్గమంది. నన్ను, “ఎప్పుడు మొదలైంది?” అని అడిగింది. నేను మెల్లగా చెప్పినా.

“రాయచోటి పక్కనా మీది?” అంది.

నేను తల ఊపినా.

“మాది కడప. మాటలోనే తెలిసిపోతుంది” అని నవ్వింది. ఈ పక్కకు పెండ్లయి వచ్చినాక నా మాటకు ఎవరన్నా అట్లా నవ్వడం ఇదే మొదలు.

నవంబరు 22

ఈ రోజు జరిగింది రాయల్ల.

మేడం స్కానింగు పటం దీపం ముందర పెట్టి బావకు చూపించింది. పేగులన్నీ కుడిపక్కకు నెట్టేసి ఉన్నాయి. ఎడమ మూత్రపిండం చుట్టూ అది చుట్టుకుని ఉంది. “ఇది పేగులో పుట్టింది కాదు. వాటి వెనకాల, వీపు పక్క ఉండే కొవ్వులో పుట్టింది. చాలా అరుదు. నేను కూడా ఎక్కువ చూడలేదు” అంది. తర్వాత, “మొదటిసారి తీసిన గడ్డ రిపోర్టు ఏది? అది చూడాలి. అది ఏ రకమో తెలిస్తే దారి తెలుస్తుంది” అంది.

బావకు కోపం వచ్చింది. “ఆదోనోళ్ళు ఇయ్యలేదు మేడం! మా ఆడోళ్ళు ల్యాబులో ఇచ్చినారు. వాళ్ళే పోగొట్టినారు. నేను వదలను, పోయి కాలరు పట్టుకుంటా!”

అత్త చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. నా పెండ్లిలో కూడా అంత గట్టిగా ఎవరూ పట్టుకోలేదు.

“పోగొట్టలేదు” అన్నా.

అందరూ నన్నే చూసినారు. గొంతు నాది కాదేమో అనిపించింది. “మేము ఇయ్యనే లేదు మేడం. ఇంటికి తీసకపోయి పాతిపెట్టినాము.”

“పాతిపెట్టినారా? ఏమిటికే?” అన్నాడు బావ.

“మాయను పాతినట్టు” అంది అత్త నేల చూస్తా.

మేడం మా అత్త వైపు తిరిగింది. నవ్వుతుందేమో అనుకున్నా. నవ్వలేదు. “పాతిపెట్టి ఎన్నాళ్ళయింది?” అని మటుకు అడిగింది. బావ గోడకు తల ఆనించి నిలబడినాడు. “చదువుకోని ముండల చేతికి ఇస్తే ఇంతే” అన్నాడు. మేడం, “అయ్యా, బయటికి పో” అంది. “ఆ డబ్బా మీ ఆడోళ్ళ చేతికి ఇచ్చి పంపడమే తప్పు. ఆసుపత్రోళ్ళే పంపాల్సింది.”

కిటికీ కాడ నుంచి నేను ఎందుకు తిరిగొచ్చినానో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నవంబరు 23

ఆయనకు అంతా తెలిసింది. నన్ను చూడగానే, “నా గడ్డకు సమాధి కట్టినారంటనే! టెంకాయ కొట్టినారా లేదా?” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. దగ్గరికి పోయి కిటికీ సంగతి చెప్పినా. పేరు అడిగితే నోరు రాలేదని. ఆయనకు ఒక్కనికే చెప్పినా.

ఆయన ఫ్యాను వైపు చూసినాడు. “పేరు పలికితే మొగునికి ఆయుస్సు తగ్గుతుందనేనా?” అన్నాడు.

“ఆ.”

“అయితే నువ్వు నన్ను కాపాడినావు గదా మే. ఇప్పుడు నన్ను చూసి పలుకు.”

పలకలేకపోయినా. “పోనీలే, ఇంకోసారి” అన్నాడు. మొగం అటు తిప్పుకున్నాడు.

నవంబరు 25

అత్త నిన్న చెప్పకుండా ఊరికి పోయింది. ఈ రోజు పొద్దున బస్సు దిగి నేరుగా వార్డులోకి వచ్చింది. చేతిలో టవలు మూట. చీరకంతా మన్ను. వేళ్ళు పగిలి ఉన్నాయి.

మేడం రౌండ్సుకు వచ్చినప్పుడు అడ్డం పోయి మూట విప్పింది. “ఇదో తల్లీ, తెచ్చినా. ఇప్పుడు చూడు.”

ఎర్రమన్ను. దాంట్లో చీర పీలికలు. ఇంకేమీ లేదు.

వెనకాల ఉన్న చిన్న డాక్టర్లు ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. మేడం రెండు చేతులతో మూట అందుకుంది. వేలితో మన్ను కదిలించి చూసింది. నిజంగానే చూసింది. “దీంట్లో ఏమీ మిగల్లేదమ్మా” అంది. “ఫరవాలేదు. సూదితో కొత్త ముక్క తీస్తాం. దాన్ని చూస్తాం.”

“దాంట్లో తెలుస్తాదా తల్లీ?”

“తెలుస్తుంది.”

అత్త మూట మళ్ళీ కట్టుకుంది. పారేయమని ఎవరూ అనలేదు.

డిసెంబరు 4

సూది పరీక్ష వచ్చింది. క్యాన్సర్. కొవ్వులో పుట్టే రకం.

మేడం నన్నూ ఆయన్నూ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. బావ ఆయనకు చెప్పొద్దన్నాడు. మేడం వినలేదు. “కోయించుకునేది ఆయన ఒళ్ళు” అంది.

“పోయినసారి గడ్డను మటుకే ఒలిచి తీసినారు. ఈసారి దాన్ని ముట్టుకోకూడదు. చుట్టూ ఉండే మంచి భాగంతో కలిపి ఒకటే ముద్దగా తీయాలి. ఎడమ మూత్రపిండం పోతుంది. పేగు కొంత పోతుంది. ఇంకో మూత్రపిండం బాగుంది, దాంతో బతకొచ్చు.”

“గరికను చేన్లో ఏరినట్టు” అన్నాడు ఆయన. “పైన పీకితే మళ్ళీ వస్తాది. మంటితో సహా పెకలించల్ల.”

“అంతే” అంది మేడం. “అయినా ఒక్క వేరు మిగలొచ్చు. మిగల్లేదని ఒట్టేసి చెప్పలేను.”

ఆయన తల ఊపి, “మేడం, ఆటో తోలొచ్చునా తర్వాత?” అన్నాడు.

డిసెంబరు 12

పొద్దున లోపలికి తీసుకుపోయినారు. సాయంత్రం అయింది, ఇంకా బయటికి తీయలేదు. బావ రక్తం ఇచ్చినాడు. ఆటో స్టాండు నుంచి జయపాలన్న వచ్చి ఇచ్చినాడు. శివకుమారక్క నాకు టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

డిసెంబరు 13

బతికినాడు. గాజు తలుపులో నుంచి చూసినా. ముక్కులో, గొంతులో, పొట్టలో, అన్నిటా గొట్టాలు.

నిన్న తీసినది ఆసుపత్రోళ్ళే పరీక్షకు పంపినారు. ఈ రోజు ఇంకో చిన్న డబ్బా వచ్చింది. దాంట్లో ముక్కను బయట ల్యాబులో ఇంకో పరీక్షకు ఇయ్యల్లంట. ఇక్కడ ఆ పరీక్ష లేదంట. చిన్న డాక్టరు బావ చేతికి ఇయ్యబోతే నేను చెయ్యి చాపినా. “నేను పోతా” అన్నా. బావ ఏమో అనబోయినాడు. ఆగి, ఇయ్యమని తల ఊపినాడు.

చీటీ ఉందా అని చూసుకున్నా. ఉంది. రోడ్డు దాటినా. దోవ తెలీక ఇద్దరిని అడిగినా. కిటికీ కాడ వరసలో నిలబడినా. ముందర ముసలాయన ఉన్నాడు. ఆయన పోయినాడు. లోపలామె, “పేషంటు పేరు?” అంది. చీటీ నా చేతిలోనే ఉంది. ఇస్తే సరిపోయేది.

“పరమేష్” అన్నా.

“ఏం పేరు?”

“పరమేష్. పరమేష్.”

రెండోసారి గట్టిగానే వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తిరిగి కూడా చూడలేదు. ఆమె రాసుకుని, పక్కకు జరగమంది. అంతే. ఇంతే పని.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చినా.

2024, జనవరి 3

రిపోర్టు వచ్చింది. బావ బిల్లుల కోసం పోయినప్పుడు మేడం నన్ను పిలిచింది. గడ్డలో కొంత భాగం నెమ్మదిగా పెరిగే రకమేనంట. కొంత భాగం మటుకు రూపు మారి, తొందరగా పెరిగే రకం అయిందంట. ఒకపక్క అంచు దాకా వచ్చిందంట. మళ్ళీ రావచ్చు, కనిపెట్టుకుని ఉండల్ల అంది.

నేను లేచినా. తలుపు దాకా పోయి మళ్ళీ వచ్చినా.

“మేడం, మొదటిసారే ఆ డబ్బా ఇచ్చింటే?”

మేడం పెన్ను పక్కన పెట్టింది. 

“ఇచ్చింటే ఏమయ్యేదంటావా. కొన్ని నెలలకోసారి స్కానింగు తీసేవాళ్ళు. మళ్ళీ వచ్చినా నిమ్మకాయంత ఉన్నప్పుడే దొరికేది. అప్పటికి రూపు మారి ఉండేది కాదేమో. ఇట్లాంటోళ్ళు కొంతమంది చాలా ఏండ్లు ఉంటారు. మీ ఆయన ఉండేవాడా అంటే నేను చెప్పలేను. మంచి అవకాశం మటుకు ఉండేది.” కొంచెం ఆగి, “నీకు అబద్ధం చెప్పాలనిపించలేదు. కానీ దీన్ని నువ్వు మోయద్దు” అంది.

మోయద్దంటే ఎట్లా, చేతిలో పెట్టినాక.

బయట బెంచీ మీద అత్త కూర్చుని ఉంది. తలుపు సందులో నుంచి నన్నే చూస్తుండింది. పక్కకు జరిగి నాకు చోటు ఇచ్చింది.

ఫిబ్రవరి 18

ఇంట్లో ఉన్నాడు. ఆటో బావ తోలుతున్నాడు. ఆయన గడపలో కూర్చుని దాని చప్పుడు విని, “గేరు కొరుకుతాండాడు, నా బండి ఏడుస్తాండాది” అంటాడు.

మార్చి 9

అన్నం రెండు ముద్దలు తిన్నాడు.

మార్చి 10

మూడు ముద్దలు.

ఏప్రిల్ 22

కర్నూలు పోయి వచ్చినాం. మళ్ళీ ఉంది. ఒక చోట కాదు. మేడం కత్తి పెట్టనంది. మందు ఎక్కించి చూద్దాం, కొంచెం ఆపుతుందేమో అంది. బస్సులో ఆయన కిటికీ పక్క కూర్చుని దోవ పొడుగునా ఉల్లిగడ్డ చేన్లు చూసినాడు. 

మే 5

మందు దాన్ని ఆపలేదు.

జూన్ 16

పొట్ట నిండా నీళ్ళు. పడుకోలేడు, కూర్చోలేడు. నా వీపుకు ఆయన వీపు ఆనించుకుని కూర్చుంటే కొంచెం ఊపిరి ఆడుతుంది. మధ్యాహ్నమంతా అట్లనే కూర్చున్నాం. ఒకరి మొగం ఒకరికి కనపడదు. అందుకేనేమో నాకు ధైర్యం వచ్చింది.

“పరమేషూ” అన్నా.

“ఆ” అన్నాడు. బయట నుంచి ఎవరో పిలిస్తే పలికినట్టు. అంత మామూలుగా.

కొంచెంసేపయినాక, “ఏమిటికి పిలిస్తివి?” అన్నాడు.

“ఊరికే.”

ఆయన వీపు కదిలింది. నవ్వినాడో, దగ్గు వచ్చిందో.

జూన్ 27

పోయినాడు.

జూలై 29

రాయనే కూడదనుకున్నా. కానీ ఇది రాయల్ల.

దినాలు అయిపోయినాయి. మా అమ్మోళ్ళు వచ్చి రాయచోటికి రమ్మన్నారు. నేను ఇంకా పోలేదు. అత్త ఏమీ తినడం లేదు. పొద్దున లేచి చేనుకాడికి పోతుంది. గట్టు మీద ఆ గుంత పక్కన కూర్చుంటుంది. పొద్దు గూకితే బావ పోయి ఎత్తుకుని తెస్తాడు. ఎత్తుకుంటే పిల్లలంత బరువు కూడా లేదంట. నీళ్ళు పోస్తే పెదవుల మీద నుంచి కారిపోతాయి. ఇట్లనే ఉంటే ఆమె కూడా పోతుందని సూదులేసే ఆయన చెప్పినాడు.

ఈ రోజు నేను సంగటి కలిపి తీసుకుపోయినా. జ్యోతి నా చెయ్యి పట్టుకుని వచ్చింది. అత్త గట్టు మీదనే ఉంది. ముద్ద నోటి కాడ పెట్టినా. తల తిప్పుకుంది.

“నేనే చంపుకుంటిని మే.”

“ఊరుకో అత్తా.”

“నువ్వు ఆ పొద్దు మేడమును అడిగితివి. నేను చూస్తి. తలుపు దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోతివి. ఏమన్నది? పాతకుండా ఇచ్చింటే బతికేవాడు అన్నదా?”

గాలి వీస్తున్నది. దూరంగా స్టేషనులో రైలు కూసింది.

“అనలేదత్తా” అన్నా. “ఎప్పుడు చూసినా అంతే అన్నది. ఆ జబ్బు అట్లాంటిదంట. ఇచ్చినా ఒకటే, పాతినా ఒకటే అన్నది.”

“నిజమా?”

“నిజం.”

“ఒట్టు?”

జ్యోతి గట్టు మీద చీమలను చూస్తా కూర్చుని ఉంది. దాని నెత్తి మీద చెయ్యి పెట్టినా. ఎండకు వెంట్రుకలు వేడిగా ఉన్నాయి.

“దీని మీద ఒట్టు” అన్నా.

అత్త నా కండ్లలోకి చూసింది. చాలాసేపు చూసింది. నేను రెప్ప వేయలేదు. నేను సిగ్గుపడే దాన్నని అందరికీ తెలుసు, అబద్ధం చెప్పే దాన్నని ఎవరికీ తెలీదు. తర్వాత నోరు తెరిచింది. ముద్ద పెట్టినా. మింగింది. ఇంకో ముద్ద పెట్టినా.

కిటికీ కాడి సంగతి ఆమెకు చెప్పల్లనుకున్నా. నేను ఆ పొద్దు పేరు పలికింటే డబ్బా నీ చేతికే వచ్చేది కాదత్తా అని. చెప్తే ఆమె బరువు ఇంకొంచెం తగ్గేది. కానీ దాంతోపాటు, ఇచ్చింటే తేడా ఉండేదని తెలిసిపోయేది. అందుకని ఆ మాట మింగినా.

ఆగస్టు 11

అత్త పొద్దున లేచి వాకిట్లో కసువు ఊడ్చింది. శివకుమారక్క పరుగున వచ్చి నాకు చెప్పింది.

జ్యోతికి నిన్న జ్వరంతో కొంచెం ఒళ్ళు కాలింది. ఈ రోజు తగ్గింది. ఆ అబద్ధపు ఒట్టుకు ఏమన్నా కావల్లంటే నాకే కావల్ల స్వామీ, బిడ్డ జోలికి రావద్దు.

ఆగస్టు 30

జ్యోతికి బడిలో అక్షరాలు వచ్చేసినాయి. కనపడిన ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కుని చదువుతుంది. సబ్బు కాగితం, మందు డబ్బా, గోడ మీద రాతలు. చదివి వాళ్ళ అవ్వకు వినిపిస్తుంది. అవ్వ ఊఁ కొడుతుంది. నిన్న నా పెట్టె తెరిచి, “అమ్మా, ఈ పుస్తకంలో ఏముంది?” అంది.

పొయ్యి కాడికి తీసుకుపోయినా. మంట బాగుండింది. పుటలు విడదీసి పెట్టల్లని చూస్తే, ఆయన “ఆ” అన్న పుట వచ్చింది. మూసేసినా. మళ్ళీ తెరిస్తే గరిక అన్న పుట వచ్చింది. జిప్పు అన్న పుట వచ్చింది. ఆయన మాటలు నా దగ్గర ఇంకెక్కడా లేవు. నా చేతులతో అయ్యే పని కాదు ఇది.

పాత బట్టల మూటలో అడుగున పెట్టినా. ఎల్లుండి రాయచోటికి పోతున్నాం. అత్త కూడా కొన్నాళ్ళు మాతో వస్తానంది. మూట ఎక్కడ పడిపోతుందో, ఎవరి చేతికి దొరుకుతుందో తెలీదు. ఎవరికి దొరికినా చదివినందుకు నేనేమీ అనుకోను. మా బిడ్డకు మటుకు ఇయ్యద్దండి. మా అత్త బతికుంటే ఆమె ముందర దీని మాట ఎత్తద్దండి. మేడం చెప్పింది ఆమెకు ఎప్పటికీ తెలియకూడదు. మీకు ఆయన ఏమీ కాడు. మీ చేతులకు ఏమీ అనిపించదు.

కాల్చేయండి.